ఓడిన కుర్రాడి తరఫున వకాల్తా

నేను అమెరికా వచ్చింది 2019 ఆగస్టులో, మేరీలాండ్‌లో ఎమ్మెస్ చెయ్యడానికి. అప్పటికి ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదనే తెలుసు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఇక్కడివాళ్ళు ఆ పేరెందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు :) కానీ నేనొచ్చిన ఏడాదే బాల్టిమోర్ రేవెన్స్ జట్టు 16 మ్యాచుల్లో 14 గెలిచింది. శుక్రవారం వస్తే చాలు, బస్సులో, కిరాణా కొట్లో, క్యాంపస్‌లో ఎటు చూసినా ఊదారంగు చొక్కాలే. ఆ సంబరమంతా ఒక కుర్రాడి చుట్టూనే. పేరు లమార్ జాక్సన్, పుట్టింది 1997 జనవరిలో. నేనూ 1997 వాణ్ణే. నేను అసైన్‌మెంట్లు గడువులోపల ఇవ్వడానికి కిందా మీదా పడుతుంటే, అతను 36 టచ్‌డౌన్ పాసులు వేసి, పైగా 1206 గజాలు పరిగెత్తాడు. ఒక సీజన్లో అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాకూ అంత పరిగెత్తలేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ అంటే మన టెక్ లీడ్ లాంటివాడు. దాడి మొదలయ్యేది అతని చేతిలోంచే. బంతి విసరాలా, పక్కవాడికివ్వాలా, తనే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. గెలిస్తే దండలూ అతనికే, ఓడితే తిట్లూ అతనికే.

2020 జనవరి 11, శనివారం రాత్రి. ప్లేఆఫ్స్‌లో టెనెసీ టైటన్స్‌తో మ్యాచి, అదీ సొంత ఊళ్ళో. నలుగురు రూమ్మేట్లం బిర్యానీ తెప్పించుకుని కూర్చున్నాం. స్కోరు 28-12. ఓడింది మనవాళ్ళే. బిర్యానీ సగం అలాగే మిగిలిపోయింది.

సోమవారం పొద్దున షటిల్ బస్సులో ఒకటే గోల. ఒకాయన అప్పుడే తీర్పు చెప్పేశాడు, ఈ కుర్రాడు పెద్ద మ్యాచులకి పనికిరాడని. వెనక సీట్లో ఉన్న అమ్మాయి లేచి, తప్పంతా మిగతావాళ్ళదే, లమార్ తప్పు ఒక్కటి కూడా లేదని వాదన మొదలెట్టింది. నాకు వెంటనే మన సినిమా అభిమానులు గుర్తొచ్చారు. హిట్టయితే హీరో గొప్ప, ఫ్లాపయితే డైరెక్టరు చెడగొట్టాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదేగా!

నిజానికి ఆ అమ్మాయి వాదించాలనుకోవడం తప్పు కాదు. వాదించిన పద్ధతే బాగాలేదు.

లెక్కలు చూద్దాం. ఆ రాత్రి లమార్ 59 పాసులు వేశాడు, 31 అందాయి, 365 గజాలు. పరుగులో ఇంకో 143 గజాలు. మొత్తం జట్టు 530 గజాలు సాధిస్తే టైటన్స్ సాధించింది 300. మరి ఎలా ఓడారు? రెండు ఇంటర్‌సెప్షన్లు, ఒక ఫంబుల్. మూడూ లమార్ ఖాతాలోవే. ఇది దాచి మాట్లాడితే అది అభిమానమే గానీ న్యాయం కాదు. మ్యాచి అయ్యాక ఆ మూడూ తన తప్పులేనని అతనే ఒప్పుకున్నాడు.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. మొదటి ఇంటర్‌సెప్షన్ కాస్త ఎత్తుగా వెళ్ళి మార్క్ ఆండ్రూస్ వేళ్ళకి తగిలి లేచిన బంతి. రిసీవర్లు చేతుల్లోకొచ్చిన బంతుల్ని కూడా వదిలేశారు. రెండుసార్లు నాలుగో డౌన్‌లో ఒక్క గజం కోసం ప్రయత్నించి ఆగిపోయారు. మొదటిసారి అలా ఆగాక, మరుసటి ఎత్తులోనే టైటన్స్ 45 గజాల టచ్‌డౌన్ కొట్టింది. అటువైపు డెరిక్ హెన్రీ 195 గజాలు పరిగెత్తుతుంటే ఆపాల్సింది డిఫెన్స్, క్వార్టర్‌బ్యాక్ కాదు. సీజన్ చివరి మ్యాచిలో అతనికి విశ్రాంతినిచ్చి, దాదాపు మూడు వారాలు ఆట లేకుండా కూర్చోబెట్టింది కోచింగు వాళ్ళు. ఇన్ని కలిస్తేనే 28-12 అయింది.

ఇదంతా నాకు బాగా అర్థమయింది ఉద్యోగంలో చేరాక. కొత్తలో ఒక రాత్రి నేను పెట్టిన కాన్ఫిగరేషన్ మార్పు వల్ల ప్రొడక్షన్ నలభై నిమిషాలు పడిపోయింది. మర్నాడు మీటింగులో ఒకరు జాలిపడి, కొత్త కుర్రాడు, వదిలెయ్యండి అన్నారు. నాకు నేలలోకి కూరుకుపోయినట్టయింది. నా సీనియర్ మాత్రం వేరేలా మాట్లాడాడు. మార్పు తప్పే, అది ఇతనిదే. అయితే రివ్యూ చేసిన ఇద్దరం చూడలేదు, టెస్టు లేదు, వెనక్కి తిప్పే దారీ లేదు, ఈ నాలుగూ రాయండి అన్నాడు. నన్ను కాపాడింది ఆ రెండో మాట. తప్పు లేదనలేదు. తప్పుని దాని సైజులో చూపించాడు, అంతే.

"క్రీడాకారులకి కోట్లిస్తారు, నాలుగు తిట్లు పడితే ఏం పోయింది?" అని మీరడగొచ్చు. ఆట బాగాలేదంటే నాకేం పేచీ లేదు. కానీ లమార్ విషయంలో తీర్పు ముందే రాసిపెట్టి ఉంది. 2016లో హైస్మన్ ట్రోఫీ గెలిచినవాణ్ణి, 2018 డ్రాఫ్టుకి ముందు బిల్ పోలియన్ అంతటి అనుభవజ్ఞుడు రిసీవరుగా మారితే మంచిదన్నాడు. తర్వాత తన అంచనా తప్పని ఆయనే ఒప్పుకున్నాడనుకోండి. ఆ డ్రాఫ్టులో నలుగురు క్వార్టర్‌బ్యాకులు వెళ్ళిపోయాక, 32వ పిక్‌గా ఇతన్ని తీసుకున్నారు. నల్లజాతి క్వార్టర్‌బ్యాకులకి "పరుగు సరే, బుర్ర ఏదీ?" అన్న అనుమానం ఎన్నో ఏళ్ళుగా ఎదురవుతూనే ఉంది. అలాంటివాడికి ఒక చెడ్డ రోజు ఒట్టి చెడ్డ రోజుగా మిగలదు, "మేం ముందే చెప్పాం" అనడానికి రుజువైపోతుంది. అభిమానులు అడ్డుపడాల్సింది స్కోరుకి కాదు, ఆ రుజువుకి.

అభిమానులు పుట్టుకతోనే ఉదారులని కూడా అనుకోకండి. సరిగ్గా ఏడాది ముందు, 2019 జనవరిలో, అదే స్టేడియంలో ఛార్జర్స్ చేతిలో 23-17తో ఓడినప్పుడు ఈ సొంత జనమే అతన్ని గేలిచేశారు. అప్పటికతనికి 22 నిండటానికి ఇంకో రోజుంది. ప్లేఆఫ్ మ్యాచి మొదలెట్టిన క్వార్టర్‌బ్యాకుల్లో అందరికంటే చిన్నవాడు.

2021 జనవరిలో అదే టైటన్స్ మీద, వాళ్ళ ఊళ్ళోనే, 20-13తో గెలిచాడు. అతని మొదటి ప్లేఆఫ్ గెలుపు అదే. 2019 లాగే 2023 సీజనుకీ ఎంవీపీ అయ్యాడు. అయినా 2024 జనవరిలో ఛీఫ్స్ చేతిలో 17-10 ఓటమి. ప్లేఆఫ్స్‌లో బంతి పోగొట్టుకుంటాడన్న విమర్శలో నిజముంది, నేనూ ఒప్పుకుంటాను.

అసలు పరీక్ష 2025 జనవరి 19న వచ్చింది. బఫెలోలో బిల్స్ మీద 27-25తో ఓడారు. ఇంకో నిమిషంన్నర ఉందనగా స్కోరు సమం చేసే రెండు పాయింట్ల బంతిని మార్క్ ఆండ్రూస్ వదిలేశాడు. అంతే, తిట్లన్నీ ఆండ్రూస్ మీదికి మళ్ళాయి. మొదటి సగంలో లమార్ రెండుసార్లు బంతి పోగొట్టిన సంగతి చాలామందికి గుర్తే లేదు. 2020లో ఒక్కడి మీద తోసెయ్యకండని గొంతు చించుకున్న మా ఊదారంగు చొక్కాలవాళ్ళు కొందరు, ఈసారి ఒక్కడి మీదే తోసేశారు! లమార్ మాత్రం ఓటమి జట్టందరిదీ అన్నాడు. ఇంకో విచిత్రం, గెలిచిన బిల్స్ అభిమానులు ఆండ్రూస్ కోసం ముందుకొచ్చారు. అతనికి టైప్-1 డయాబెటిస్ ఉంది కాబట్టి, అతని పేరు మీద ఆ జబ్బు కోసం పనిచేసే సంస్థకి లక్ష డాలర్లకి పైగా పోగుచేసి ఇచ్చారు.

ఆ బస్సులో అమ్మాయి మళ్ళీ కనబడితే ఒకటే అడగాలనుంది. ఆ రోజు లమార్ కోసం నిలబడ్డావు బానే ఉంది, మరి ఆండ్రూస్ కోసం నిలబడ్డావా అని. మన ఆఫీసుల్లోనూ అంతే కదండీ. మన ఫ్రెండు బిల్డు పాడుచేస్తే ప్రాసెస్ లోపం, పక్క టీమువాడు పాడుచేస్తే వాడికి పని రాదు. మీరు చివరిసారి ఎవరి తరఫున మాట్లాడారో, ఎవరి విషయంలో ఊరుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. నేనూ గుర్తుచేసుకున్నాను. నా లెక్క అంత గొప్పగా ఏం లేదు.