పులీ, తోడేళ్ళూ

"విలియం బ్లేక్ అంతటి మహాకవిని పట్టుకుని ఎలక్ట్రిక్ గిటార్లతో ఆ రొద ఏమిటండీ!" అని ముక్కు విరిచే పెద్దలకు ఒక్క మాట. 1998లో నార్వే బృందం 'ఉల్వర్' (తోడేళ్ళని అర్థం) ఆయన 'స్వర్గ నరకాల వివాహం' గ్రంథాన్ని రెండు డిస్కుల నిండా వినిపించింది. నచ్చిన ముక్క ఏరుకుని మిగతాది పారెయ్యలేదు. మొత్తం పాఠం తీసుకుంది.

మరి మనం? కాలేజీలో పులి పద్యం ఒక్కటి బట్టీ పట్టించి, మార్కులు వేసి, కవిని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. పులిని బోనులో పెట్టినవాళ్ళం తోడేళ్ళను తిట్టడమా! 1827లో పోయిన బ్లేక్ తన పాటలకు తనే బాణీ కట్టి పాడుకునేవాడట. ఆ బాణీలు మనకు మిగల్లేదు.

రొద నచ్చకపోతే చెవులు మూసుకోండి, తప్పులేదు. కవి నోరు మాత్రం మూయకండి!