నింద కత్తికి, మాఫీ ఎముకకు

"నడుముకు కత్తి తాకిందంటే ఇగ మంచమే." నస్పూర్‌లోని సింగరేణి బొగ్గుగని కార్మికుల కాలనీల్లో ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ. డిస్పెన్సరీ వరుసలో వినిపిస్తుంది, సెంటర్‌లో చాయ్ తాగుతుంటే వినిపిస్తుంది. హైదరాబాద్‌కు రెఫర్ చేసిన కాగితం చేతికొచ్చిందంటే చుట్టాలంతా ఇంటికొచ్చి మరీ చెప్తారు. రుజువుగా ఎవరో ఒక బావనో, రిటైరైన ట్రామర్‌నో చూపిస్తారు. ఆయనకు ఏ ఆపరేషన్ చేశారు, ఎందుకు చేశారు, అప్పటికి ఆయన ఎముక ఎట్లుంది అని మాత్రం ఎవరూ అడగరు. పెద్దల జాగ్రత్తగా చెలామణి అవుతున్న ఈ భయం నిజానికి నడుములను ఇంకా చెడగొడుతోంది.

మొదటి పొరపాటు అన్ని ఆపరేషన్లనూ ఒకే గాటన కట్టడం. నరాన్ని నొక్కుతున్న డిస్క్ ముక్కను తీసేయడం ఒక పని. వయసుతో ఇరుకైన వెన్ను కాలువను వెడల్పు చేయడం ఇంకొకటి. జారిన పూసలను స్క్రూలు, రాడ్లతో కలిపి బిగించడం మూడోది. మూడింటికీ కారణాలు వేరు, ప్రమాదాలు వేరు, కోలుకునే తీరు వేరు. మూడోదానిలో ఎవరికో జరిగిన నష్టాన్ని చూపి మొదటిదాన్ని ఆపించడం న్యాయం కాదు.

భయంలో అసలు పసే లేదని అనను. అక్కర్లేని కోతలు ఉన్నాయి. ఎంఆర్ఐ కాగితం మీద 'డిస్క్ ఉబ్బింది' అని రాయగానే కంగారు పడాల్సిన పని లేదు. నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్ల మీద వచ్చిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి అదే ఉబ్బు కనిపించింది. కాలిలోకి దిగే నరం నొప్పితో బాధపడుతున్న 283 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష 2007లో వెలువడింది. తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగిన వర్గంలో దాదాపు 40 శాతం మందికి మాత్రం ఆ ఏడాదిలోనే ఆపరేషన్ తప్పలేదు. అంటే చాలామంది ఆగి చూడొచ్చు. అయితే ఆగడానికి డాక్టరు పర్యవేక్షణ కావాలి, ఒక గడువు కావాలి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం బిగుసుకుపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఇక గడువు లేదు. అక్కడ గంటలే లెక్క. ఆ సమయంలో కూడా "కత్తి వద్దు" అంటే కాళ్లను పోగొట్టేది కత్తి కాదు, ఆ సలహా.

ఇక ఆపరేషన్ మానేసినవాళ్లు ఏం చేస్తున్నారు? ఆర్ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుంటారు. పొట్లం కట్టిచ్చిన నొప్పి గోళీలు నెలల తరబడి మింగుతారు. అలాంటి గోళీల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు ఉండటం కొత్త సంగతేం కాదు. రెండో రోజుకే ఒళ్లు తేలికవుతుంది కాబట్టి మందు మంచిదనిపిస్తుంది. కానీ స్టెరాయిడ్‌ను ఎక్కువ కాలం వాడితే ఎముక గుల్లవుతుంది, ముందుగా దెబ్బతినేవాటిలో వెన్నుపూసలు ఉంటాయి. కత్తి భయంతో మింగిన గోళీయే, రేపు కత్తి తప్పని రోజున దానికి ఆసరా లేకుండా చేస్తుంది. దీనికి బీడీ, తాగుడు తోడైతే చెప్పేదేముంది? పొగ ఎముకలను అతకనివ్వదు.

"ఎముకలు గుల్లగావుడు ఆడోళ్ల రోగం" అన్నది ఇంకో ధీమా. బొగ్గు పని చేసిన ఒళ్లు ఇనుమని మగవాళ్ల నమ్మకం. కండకున్న బలం ఎముకకూ ఉంటుందని హామీ లేదు. విరిగిన వెన్నుపూసల్లో ఎక్కువ భాగం ఎవరి దృష్టికీ రావు. నడుం పట్టిందనుకుని జండూబామ్ రాసుకుంటారు. మనిషి రెండు మూడు అంగుళాలు కుంగినా వయసు మీద పడిందంటారు.

శ్రీరాంపూర్ ఏరియా గనుల్లో పనిచేసినవాళ్లకు నా వాదన చెప్పడం తేలిక. రూఫ్ బోల్టు వేసే ముందు కప్పును రాడ్డుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పొర విడింది. సిమెంటు క్యాప్సూల్ పెట్టి బోల్టు దింపాక, లాగి పట్టు చూసే పరీక్షా ఉంది. 2021 నవంబర్‌లో ఎస్సార్పీ-3 గనిలో కప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయిన ప్రాంతం ఇది. బోల్టు ఎంత మంచిదైనా పట్టు ఇచ్చేది రాయేనని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. వెన్నులో దింపే స్క్రూ సంగతీ అంతే. ఆరు మిల్లీమీటర్ల మందం, నాలుగైదు సెంటీమీటర్ల పొడవున్న ఆ స్క్రూ పూసలోని జల్లెడలాంటి ఎముకను పట్టుకుని నిలబడాలి. ఆ జల్లెడ పలచబడితే మెల్లగా వదులవుతుంది, ఎక్స్‌రేలో దాని చుట్టూ నల్లటి అంచు కనిపిస్తుంది. అప్పుడు ఊరంతా "ఆపరేషన్ ఫెయిలయింది" అంటుంది. ముందే ఎముకను పరీక్షించారా అని అడిగినవాళ్లుండరు.

ఎముకను బాగు చేసుకోవచ్చు కూడా. గుల్లబారిన ఎముకలున్న 57 మంది స్త్రీలకు నడుం పూసలు బిగించిన జపాన్ వైద్యులు తమ ఫలితాలను 2012లో ప్రకటించారు. ఎముకను పెంచే టెరిపారటైడ్ సూది తీసుకున్నవారిలో 82 శాతం మందికి ఎముక అతికితే, మామూలు బిస్‌ఫాస్ఫొనేట్ మాత్రలు వాడినవారిలో 68 శాతం మందికే అతికింది. అధ్యయనం చిన్నదే. కానీ ఒకే రకం కోతకు ఎముక మందును బట్టి ఫలితం మారిందంటే, నిందంతా కత్తి మీద వేయడం కుదరదు.

"రోజూ క్యాల్షియం గోళీ ఏస్కుంటున్న, సాలదా?" అంటారు. చాలదు. ఎముక చిక్కబడినంత మాత్రాన గట్టిపడదని ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండ ఫ్లోరోసిస్ బాధితులు ఎప్పుడో చూపించారు. 1990లో అమెరికాలో 202 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలోనూ అదే తేలింది. ఫ్లోరైడ్ మందుతో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. అందుకే ఎముకకు మందు సొంతంగా మింగేది కాదు, పరీక్షించి ఎంచుకునేది.

కాబట్టి రెఫరల్ కాగితం పట్టుకున్నవాళ్లు డాక్టరును అడగాల్సినవి ఇవి. నాకు చేసేది ఏ ఆపరేషన్? ఆగితే ఏమవుతుంది? స్క్రూలు వేస్తే, ముందు ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీస్తారా? అరిగిన వెన్నులో డెక్సా లెక్క ఎక్కువ చూపించి మోసం చేయొచ్చు కనుక తుంటినీ కొలవమనాలి. సీటీ ఇప్పటికే తీసి ఉంటే అందులోంచే ఎముక చిక్కదనాన్ని అంచనా కట్టొచ్చు. వాడుతున్న గోళీలన్నీ దాచకుండా చూపాలి. స్టెరాయిడ్‌ను మాత్రం ఉన్నపళంగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి.

సింగరేణి వైద్యపరీక్షల్లో ఊపిరితిత్తులు చూస్తారు, చూపు, వినికిడి చూస్తారు. స్టెరాయిడ్ వాడినవాళ్లకు, ఎత్తు తగ్గినవాళ్లకు, వెన్నులో స్క్రూలు పడబోయేవాళ్లకు ఎముక పరీక్ష కూడా చేయాలి. యూనియన్లు గేట్ మీటింగుల్లో ఈ డిమాండ్ పెట్టాలి. బొగ్గు కప్పును తట్టి చూడకుండా బోల్టు వేస్తే ఒప్పుకోని కార్మికుడు, తన వెన్ను దగ్గరికొచ్చేసరికి అంతకంటే తక్కువకు ఎందుకు ఒప్పుకోవాలి?