వింబుల్డను వాకిట

ఇంగ్లండునకు పోవు మన సోదరులలో పలువురు అచ్చటి వింబుల్డను టెన్నిసు పందెములను కన్నులార చూడవలెనని కుతూహలపడుచున్నారు. ఇది తప్పని మేమనము. రామనాథన్ కృష్ణన్ 1960లోను, 1961లోను అచ్చట సెమీఫైనలు వరకు పోయినాడు. మన హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2015లో స్విట్జర్లాండు వనిత మార్టినా హింగిసుతో జతగూడి స్త్రీల డబుల్సు గెలిచినది. ఆ పచ్చిక మనకు పరాయిది గాదు.

కాని ఆటకు ముందు వాకిలి చూడవలెను. 1877లో మొదటి పందెముల చివరి ఆటకు సుమారు ఇన్నూరుమంది, మనిషికొక షిల్లింగు చెల్లించి, లోనికి పోయిరి. నేడు సెంటరు కోర్టున ఇంచుమించు పదునైదువేల పీఠములున్నను చాలుటలేదు. 1924 నుండియే చీట్లు వేసి టిక్కెట్లు పంచుచున్నారు. చీటి పడనివానికి వరుసయే శరణ్యము. సెంటరు కోర్టున చోటు కోరువారు ముందునాటి రాత్రియే వింబుల్డను పార్కున గుడారములు వేసికొని పండుకొందురు. ఒక గుడారమున ఇద్దరికి మించి ఉండరాదు. వచ్చినవారికి వచ్చిన క్రమమున అంకె వేసిన కార్డు చేతికిత్తురు. ఉదయమే కాపలాదారులు తట్టి లేపుదురు. మనిషికొక టిక్కెట్టే. ఎంతటి ప్రభువైనను నౌకరును నిలిపి తన చోటు కాపాడుకొనుటకు వీలులేదు.

ఈ వరుసను గూర్చి ఆంగ్లేయులు గర్వించుట సహజము. మేమును మెచ్చుకొనుచున్నాము. అయితే లెక్క చూడుడు! సెంటరు కోర్టున వరుసవారికి దినమునకు సుమారు 500 టిక్కెట్లు. డిబెంచరుదారులకో, 2,520 పీఠములు. 2026 మొదలు 2030 వరకు ఐదేండ్ల పందెములకు ఒక్కొక్క డిబెంచరు వెల 1,16,000 పౌనులు. రాత్రి చలిలో పచ్చికపై పండుకొన్నవారికంటె ధనికులకు ఐదురెట్లు చోటన్నమాట. అదియుగాక, చివరి నాలుగు దినములు వరుసవారికి ఆ కోర్టున ఆ 500ను లేవు. సామాన్యుని పాలిటికి పందెము సెమీఫైనలునకు ముందే ముగియుచున్నది.

ఈ ధనము లేనిదే మైదానము లేదని క్లబ్బువారి పక్షమువారందురు. కొంత నిజమే. 1920లో చర్చిరోడ్డు మైదానమునకు సొమ్ము సమకూర్చినది డిబెంచర్లే. 2009లో సెంటరు కోర్టునకును, 2019లో ఒకటవ కోర్టునకును ముడుచుకొను పైకప్పులు వెలసినవి. వానకు అచ్చట ఆట నిలువదు. బయటి కోర్టుల చుట్టు మూగినవారి నెత్తిన మాత్రము వాన మునుపటివలెనే కురియుచున్నది!

మనవారు మరియొకటి ఎరుగవలెను. డిబెంచరు టిక్కెట్టును దాని యజమాని ఇతరులకు అమ్ముకొనవచ్చును. చీటిలో వచ్చిన టిక్కెట్టు అట్లు చేతులు మారరాదు, మారినచో చెల్లదు. ఇది తెలియక దళారులకు సొమ్మిచ్చినవారు, వేలమైళ్లు వచ్చియు, వాకిటనుండియే మరలవలసివచ్చును. వరుసలో నిలుచుట మేలు.

ముందుగ ఇంటికి పోవువారు విడిచిన టిక్కెట్లను తక్కువ వెలకు మరల అమ్మి, ఆ సొమ్ము ధర్మకార్యములకు వెచ్చించు మంచి ఆచారమచ్చట 1954 నుండి కలదు. ఇట్టి బుద్ధిగలవారు, పెద్ద ఆటలు నడుచుచుండగనే మంచి చోట్ల పీఠములు ఖాళీగా నుండుట చూచియు, చివరి నాలుగు దినములకు వాకిటివారికి నూరు పీఠములైన ఏల విడువరో మాకు బోధపడకున్నది.