ఎక్కడ చదివావు?

తమ్ముళ్ళూ, హాస్టల్లో ఒకరి సబ్బు ఇంకొకరు అడక్కుండా వాడితే ఎంత గొడవవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పక్కవాడి రికార్డు మక్కీకి మక్కీ దించేస్తే మాత్రం ఎవరూ తప్పనుకోరు. నేనూ అనుకోలేదు. గైడులో ఉన్నది ఉన్నట్టు రాసిన వాడికే డిగ్రీ దాకా మార్కులు పడ్డాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి, ఇది తప్పని చెప్పేవాళ్ళూ లేరు.

పీజీలో కృష్ణా డెల్టా సాగునీటి మీద ప్రాజెక్టు తీసుకున్నాను. మొదటి పేజీలోనే విజయవాడ ఆనకట్టను కాటన్ దొర కట్టించాడని రాశాను. మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి "ఎక్కడ చదివావు?" అన్నారు. జవాబు లేదు. అందరూ అనే మాటే కదా! తీరా లైబ్రరీలో వెతికితే, 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆ ఆనకట్టను దగ్గరుండి కట్టించినది కెప్టెన్ ఆర్. కాటన్ కట్టించినది గోదావరి మీద ధవళేశ్వరంలో. ఆధారం రాయాల్సి వచ్చింది కాబట్టే నా తప్పు నాకు దొరికింది.

ఆధారం ఇవ్వడమంటే చివర నాలుగు పుస్తకాల పేర్లు పేర్చడం కాదు. మాట ఎక్కడ వాడామో అక్కడే చెప్పాలి. గోర్డన్ మెకంజీ, కృష్ణా జిల్లా మాన్యువల్, 1883, ఫలానా పేజీ అని. ఆ పుస్తకం మనం చూడకుండా ఇంకొకరి వ్యాసంలోంచి ఎత్తితే, ఆ ఇంకొకరి పేరే రాయాలి. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాయడం నా దృష్టిలో దొంగసాక్ష్యమే. మాటలు అటూ ఇటూ మార్చినా ఆలోచన వాళ్ళదే.

యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాయాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఏడాది ఆగడమంటే మనలాంటి ఇళ్ళల్లో చదువు ఆగిపోవడమే. శిక్ష వేసేవాళ్ళున్నారు గానీ ముందుగా నేర్పేవాళ్ళేరీ? ఇంటర్ నుంచే మన హాస్టల్లో ఒక ఆదివారం కూర్చుని నేర్పితే చాలు. పూర్వ విద్యార్థులు ఎవరైనా ముందుకొస్తే నేనూ వస్తాను.

ఇంకొక మాట. వేసవిలో కాలువ కట్టేశాక ఆడవాళ్ళు పూడికతీతకు వెళ్ళేవారని "తెలుస్తోంది" అని నా ప్రాజెక్టులో రాశాను. ఎవరి ద్వారా తెలుస్తోంది? మా నాయనమ్మ చెప్పింది. పుస్తకం రాసిన దొర పేరు రాసి, మట్టి గంప మోసిన మనిషి పేరు వదిలేశానన్నమాట. ఆమెను అడిగి ఆమె పేరు, ఊరు, మాట్లాడిన తేదీ పేజీ అడుగున రాశాను. నాయనమ్మది వేలిముద్ర. బైండింగు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని "ఇందులో నా పేరు ఏదిరా?" అంది. వేలు పట్టుకుని చూపించాను.