కెమెరా కంటికి రెప్ప ఎవరి కోసం?

నాయకుల ఫోటోలకు మన దిల్‌సుఖ్‌నగర్‌లో ఎప్పుడూ కరువు లేదు. చైతన్యపురి నుంచి ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా ఒకసారి నడిచి చూడండి. పండగ వచ్చినా, పుట్టినరోజు వచ్చినా, పదవి వచ్చినా స్తంభానికో ఫ్లెక్సీ. అన్నింట్లోనూ అదే తెల్లచొక్కా, అవే జోడించిన చేతులు, అదే చిరునవ్వు. ఇన్ని ముఖాల్లో విసుక్కుంటున్న ముఖం ఒక్కటి లేదు. సభలో కునుకు తీస్తున్న ముఖం లేదు. ఎవరో ముసలమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు తోచక తడబడుతున్న ముఖం అసలే లేదు. ఎందుకుంటుంది? అవి వాళ్ళు డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మలాయె! ఆ రెండో ముఖాన్ని మనకు చూపవలసిన బాధ్యత పత్రికా ఫోటోగ్రాఫర్‌ది.

ఇలాంటి ఫోటోకు ఆ వృత్తిలో ఉన్నవాళ్ళు ‘క్యాండిడ్’ అని పేరు పెట్టుకున్నారు. పోజు లేనిది, మనిషి సిద్ధంగా లేని క్షణాన దొరికినది అని అర్థం. పెద్దవాళ్ళను అలా పట్టుకోవచ్చునా, పట్టుకున్నదాన్ని పదిమందికీ చూపవచ్చునా అన్నది పాత తగవే. నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టవచ్చు. అధికారంలో ఉన్న మనిషి ఆ అధికారంతో తిరిగేచోట తీసిన ఫోటోను దాచే హక్కు ఫోటోగ్రాఫర్‌కు లేదు. అదే ఫ్రేములో పక్కన పడ్డ మామూలు మనిషి బాధను అడక్కుండా అచ్చు వేసే హక్కూ అతనికి లేదు. మన దగ్గర ఇది తలకిందులుగా సాగుతోంది. నాయకుడికేమో పోజు, సామాన్యుడికేమో క్యాండిడ్!

ఊరికే అనడం లేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో ఇక్కడే, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర, నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. సైకిళ్ళకు పెట్టిన బాంబులు. 15 మందికి పైగా పోయారు, 100 మందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, మిర్చి బజ్జీలు తింటున్నవాళ్ళు, కోచింగ్ వదిలాక హాస్టలుకు పోతున్న పిల్లలు. మర్నాటి నుంచి పెద్దల రాక మొదలైంది. ముఖ్యమంత్రి వచ్చారు, కేంద్ర హోంమంత్రి వచ్చారు, 24న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి పేలుడు స్థలాన్నీ, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళనూ చూసి వెళ్ళారు. రావడాన్ని తప్పు పట్టను. రాకపోతే అదీ తప్పే అంటాం కదా.

నేనడిగేది అలాంటి పరామర్శల ఫోటోల సంగతి. ఏ పార్టీ నాయకుడైనా, ఏ ఊరి ఆసుపత్రైనా ఆ ఫోటో ఒక్కటే. నాయకుడు మంచం వైపు వంగి ఉంటాడు, దువ్విన తల చెదరదు, రోగి చేతిమీద చెయ్యి వేసి కెమెరాకు అందేటట్టు నిలబడతాడు. మంచం మీది మనిషికి ముక్కులో గొట్టం, జారిన దుప్పటి, సగం తెరిచిన నోరు. ఇందులో పోజు ఎవరిది? సిద్ధంగా లేకుండా దొరికిపోయింది ఎవరు?

మా వీధిలో ఒకావిడ ఉంది. ఊరూ పేరూ చెప్పను, చెబితే నేనూ ఆ పనే చేసినట్టు. ఆ సాయంత్రం కూరగాయలకని వెళ్ళి భుజంలో ఇనుపముక్కలతో ఆసుపత్రిలో తేలింది. కట్టు కట్టడానికి జాకెట్టు కత్తిరించారు. ఆ స్థితిలోనే ఒక నాయకుడి పక్కన ఆమె ఫోటో పేపర్లో పడింది. “ఆయన ఎవలో గూడ నాకు తెల్వది బిడ్డా, మందుల మత్తుల ఉన్న. ఫోటో ఎయ్యాల్నా అని నన్నెవలూ అడగలే” అంటుంది ఇప్పటికీ. ఊళ్ళో చుట్టాలు ఆ కాగితం కత్తిరించి దాచిపెట్టారట, గొప్పకని! పెద్దమ్మాయికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకాయన “మీరు పేపర్లో వచ్చినారు కదా” అంటే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. భుజం మీది గాయం మానింది. కాని ఫిబ్రవరి వచ్చిందంటే ఆ ఫోటో మళ్ళీ ఎక్కడో ఒకచోట తేలుతుంది.

ఇది ఫోటోగ్రాఫర్ ఒక్కడి పాపమని నేననను. నాకు తెలిసిన ఒక ఫోటోగ్రాఫర్ మిత్రుడు ఈ తతంగం వివరంగా చెప్పాడు. అతను ఒక కార్యక్రమంలో వందల ఫ్రేములు తీస్తాడు. అందులో ఎనిమిదో పదో డెస్కుకు పంపుతాడు. డెస్కులో కూర్చున్న ఉప సంపాదకుడు పేజీలో జాగానుబట్టి ఒకటి ఎంచుతాడు. నాయకుడు ఆవలిస్తున్నదో, గన్‌మన్ ఎవరినో తోసేస్తున్నదో పడిందా, పొద్దున్నే ఫోన్లు మొదలు. “అన్నా, సార్ కండ్లు మూసుకున్నది పెట్టినవేంది?” అని ఒకరు, “మీ ఓనరుతోని మాట్లాడాల్నా?” అని ఇంకొకరు. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే ఆ రకం ఫ్రేములు పంపడం తగ్గిపోతుంది. మంచం మీది మనిషి తరఫున మాత్రం ఎవరూ ఫోన్ చెయ్యరు. “ఫోన్ వచ్చేటోని ఫోటో చూసి చూసి ఎంచుతం, రానోనిది చూడకుంటనే ఎంచుతం” అన్నాడు మా మిత్రుడు. జిల్లా పేజీలు పుట్టాక ఇది మరీ పెరిగింది. వార్డు స్థాయి నాయకుడికి కూడా రోజూ ఫోటో పడాలి, పడ్డది బాగుండాలి!

చట్టం ఏమంటుందని అడిగేవాళ్ళు ఉంటారు, లా విద్యార్థులు మనలో తక్కువేం లేరు కదా. ‘నక్కీరన్’ పత్రిక సంపాదకుడు రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మనిషిని తన మానాన తనను ఉండనివ్వాలి; అతని ఇల్లు, పెళ్ళి, సంతానం, చదువు వంటి విషయాలను అనుమతి లేకుండా ప్రచురించరాదు అన్నది అందులో ఒక ముక్క. ప్రభుత్వ పదవిలో ఉన్నవాడు తన ఉద్యోగ ధర్మంగా చేసే పనులకు మాత్రం ఈ కవచం లేదన్నది ఇంకో ముక్క. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఖాయం చేశారు. అంటే చట్టం కూడా పదవి ఉన్నవాడికి తక్కువ చాటు, లేనివాడికి ఎక్కువ చాటు ఇచ్చింది. మన పత్రికలు దాన్ని తిరగేసి చదువుతున్నాయి, అంతే!

పెద్దవాళ్ళను కించపరచకుండా వాళ్ళ రెండో ముఖం చూపించినవాళ్ళు ఈ దేశంలో లేకపోలేదు. మన తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా నెహ్రూను వందలసార్లు తీశారు. విమానంలో నోట్లో సిగరెట్టుతో ఇంకొకరి సిగరెట్టు వెలిగిస్తున్న నెహ్రూ ఆమె కెమెరాకు దొరికాడు. (ఆమె కారు నంబరు డి.ఎల్.డి. 13 కావడంతో ‘డాల్డా 13’ అని మారుపేరు పెట్టుకున్నారు. ఇంత సరదా మనిషి 1970లో, కొత్తగా వచ్చినవాళ్ళ తీరు నచ్చక, కెమెరా పక్కన పెట్టేశారు.) 1977లో ఇందిరాగాంధీ ఓడినప్పుడు రఘు రాయ్ తీసిన ఫోటోలో ఆమె లేనే లేదు. చెత్తతోపాటు ఊడ్చేస్తున్న ఆమె ఎన్నికల పోస్టరు ఉంది. ఓడిన మనిషి ఇంటి కిటికీలోంచి కెమెరా దూర్చవలసిన అవసరం అతనికి కలగలేదు.

అందరికీ ఒప్పుకోవడం కష్టమైన ఉదాహరణ ఇంకొకటుంది, అదీ మన ఎల్.బి. నగర్‌తో ముడిపడినదే. 2009 నవంబర్ 29న నిరాహార దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ దగ్గర అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. మర్నాడు ఖమ్మం ఆసుపత్రిలో ఆయన పండ్లరసం తాగుతున్న దృశ్యం టీవీల్లో వచ్చింది. ఉస్మానియా విద్యార్థులు భగ్గుమన్నారు. తాను దీక్ష విరమించలేదని, బలవంతంగా తాగించారని ఆయన ప్రకటించి కొనసాగించారు. తర్వాత నిమ్స్‌కు తెచ్చారు. డిసెంబర్ 9 రాత్రి కేంద్రం ప్రకటన వచ్చేదాకా జరిగింది మనకు తెలిసిందే.

ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని చూపవచ్చునా? అప్పుడు చాలామంది నన్నడిగారు, ఇప్పుడూ అదే చెబుతాను. చూపవచ్చు, చూపాలి కూడా. నిరాహార దీక్షలో నాయకుడి దేహమే అతని వాదం. తిన్నాడా లేదా అన్నది అతని సొంత సంగతి కాదు, అతని మాట నమ్మి రోడ్డెక్కినవాళ్ళ సంగతి. కాని గ్లాసు పెదవులకు తగిలిన క్షణం చూశామే తప్ప, అంతకు ముందు గదిలో ఎవరు ఏమన్నారో ఆ ఒక్క దృశ్యం చెప్పలేదు. ముందూ వెనకా చెప్పకుండా మధ్య ముక్క ఒక్కటే కత్తిరించి వేస్తే, అది ఎంత నిజమైన ఫోటో అయినా సగం మాటే అవుతుంది. పెద్దమనిషి ఫోటో వేసినవాడు ఆ మిగతా సగం కూడా వెతికి వెయ్యాలి.

ఆ అరెస్టు వార్త వచ్చిన 29వ తేదీనే ఎల్.బి. నగర్ చౌరస్తాలో నల్లగొండ జిల్లా యువకుడు శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబర్ 3న చనిపోయాడు. అప్పటిదాకా అతను ఎవరికీ తెలియని కుర్రవాడు. కెమెరాలకు చిక్కిన ఆ కొన్ని క్షణాలతో తెలంగాణ అంతటికీ తెలిసినవాడయ్యాడు. ఆ దృశ్యాలను అదే రోజు ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపారో లెక్క లేదు. ఉద్యమానికి అవి బలమిచ్చాయని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన నేను తోసిపారెయ్యను, ఎందుకంటే అతను చెప్పదలచుకున్నది జనానికి చేరాలనే అతను కోరుకున్నాడు. కాని వార్త చేరడానికి ఒక్కసారి చాలదా? ఆ తర్వాత అదే దారి పట్టిన పిల్లల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే. ఆత్మహత్య వార్తలతో ఫోటోలు, వీడియోలు వాడవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటికి పదేళ్ళు గడిచిపోయాయి. అతని తల్లి శంకరమ్మ 2014లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు పోటీ చేశారు. రాజకీయాల్లోకి వచ్చారు కనుక ఆమె ఉపన్యాసం ఫోటో వెయ్యండి, ఓడినప్పటి ముఖమూ వెయ్యండి. కొడుకు మంటల్లో ఉన్న ఫోటో మాత్రం ప్రతి వర్ధంతికీ ఆ తల్లి ముందు పెట్టకండి. నవ్వుతున్న శ్రీకాంతాచారి ఫోటో లేదా మన దగ్గర?

ఆ డిసెంబర్‌లోనే రాజ్‌భవన్ గొడవ వచ్చింది. 25న ఒక తెలుగు చానెల్ గవర్నర్ ఎన్.డి. తివారీవంటూ కొన్ని దృశ్యాలు ప్రసారం చేసింది, హైకోర్టు ఆపమంది. ఆయన ఆరోపణలను కాదని, మర్నాడు ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. రాజ్‌భవన్ ప్రజల సొమ్ముతో నడిచే ఇల్లు కాబట్టి అడిగే హక్కు ఉంది. పదవిని దుర్వినియోగం చేశాడా అన్నదే అడగవలసిన ప్రశ్న. ఊళ్ళో ఎక్కడ చూసినా నడిచింది మాత్రం ఆ ప్రశ్న కాదు, వెకిలి నవ్వులు!

మరి నాయకుడి జబ్బు సంగతి? దీనికి మన పొరుగునే రెండు చివరలూ ఉన్నాయి. 1984లో ఎమ్.జి.ఆర్. అమెరికాలో ఆసుపత్రిలో ఉండి ఎన్నికల్లో నిలబడితే, ఆయన బతికే ఉన్నాడని చూపే వీడియో తమిళనాడంతా తిప్పారు. 2016లో జయలలిత 75 రోజులు ఆసుపత్రిలో ఉంటే ఒక్క ఫోటో బయటికి రాలేదు. వచ్చిన వీడియో ఆమె పోయిన ఏడాదికి, అదీ ఉప ఎన్నిక ముందు రోజున వచ్చింది. రెండుసార్లూ ఏది చూపాలో నిర్ణయించింది నాయకుల చుట్టూ ఉన్నవాళ్ళే. ఫోటోగ్రాఫర్ గేటు బయట ఉన్నాడు.

ఇప్పుడు ఆ గేటు ఇంకా దూరం జరిగింది. నాయకులకు సొంత ఫోటోగ్రాఫర్లు వచ్చారు. వాళ్ళు ఏరి పంపినవి పత్రికల్లో అలాగే పడుతున్నాయి. ఇక మనందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కనుక రోడ్డు మీద ప్రమాదం జరిగితే అంబులెన్సుకు ముందు కెమెరాలు వస్తున్నాయి. విక్టోరియా మెమోరియల్ ముందు ఒక స్కూటరు పడిపోతే నేను లెక్కపెట్టాను, లేపడానికి ఇద్దరు, తియ్యడానికి పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఒక్కడైనా అదే రోడ్డు మీద రాంగ్ సైడులో దూసుకొచ్చే నాయకుడి కాన్వాయ్‌ని తీసి చూపించాడా? భయం. ఆ భయమే జీతానికి పనిచేసే ఫోటోగ్రాఫర్‌కీ ఉంది. అందుకే అతన్ని నేను పూర్తిగా తిట్టలేను. మా మిత్రుడు ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాడు. ఆసుపత్రి వార్డులో నాయకుడు వెళ్ళాక తను ఐదు నిమిషాలు ఆగుతాడు. కెమెరా తెరమీద ఫోటో చూపించి “అమ్మా, ఇది పేపర్ల ఎయ్యాల్నా, వద్దా?” అని అడుగుతాడు. వద్దంటే ఆమె ముఖం కనబడని ఫ్రేము పంపుతాడు. సగం మంది వద్దనే అంటారట.

ఈ సావనీరు చివర మన సంఘం ఫోటోలు ఎలాగూ ఉంటాయి. జ్యోతి వెలిగిస్తున్న ముఖ్య అతిథి, శాలువా కప్పుతున్న అధ్యక్షుడు, వరసగా నిలబడ్డ కార్యవర్గం. వార్షికోత్సవం నాడు రెండో ఉపన్యాసం నడుస్తుండగా వేదిక మీద ముగ్గురు పెద్దలు హాయిగా నిద్రపోయారు. ఆ ఫోటో తీసిన కుర్రవాణ్ణి నేను చూశాను. సంపాదకులు వేశారో లేదో పేజీలు తిప్పి చూడాలి.