రిజిస్ట్రేషను శాఖ – పాత పనిముట్టు

మండపేట ప్రాంతమున ఎకరము భూమి కొనువాడు తన జీవితకాలపు కష్టార్జితమును సబు రిజిస్ట్రారు గారి బల్లపై నుంచుచున్నాడు. ఆనాడు "సర్వరు పనిచేయుట లేదు, రేపు రండు" అను మాట వాని కెట్లుండునో ఏలినవారు యోచింపవలదా?

1998 నవంబరులో ఈ శాఖయందు "కార్డు" అను కంప్యూటరు పద్ధతి నెలకొల్పబడినది. అంతకుముందు దస్తావేజులను చేతివ్రాతతో పుస్తకముల కెక్కించుచుండిరి. తాకట్టు లున్నవో లేవో తెలియుటకు గుమాస్తా ఏండ్ల తరబడి సూచికలను తిరుగవేయవలసి యుండెను. ఆ బాధ తగ్గినది, మేము కాదనము. కాని ఆ పనిముట్టుతోనే పాతికేండ్ల బరువు మోయింపజూచిరి. 2023 జూను 1వ తేదీనుండి భూముల విలువలు పెరుగునని మే నెలాఖరున జనులు పోటెత్తగా రాష్ట్రమంతటను సర్వర్లు మొరాయించినవి. ఆ యేడే "కార్డు 2.0" రాగా దస్తావేజు లేఖరులు ఆందోళనకు దిగిరి. వారిది బ్రతుకుతెరువు భయమే కావచ్చును. అసలు పత్రము దక్కదేమో యన్న భయము రైతులకును కలిగెను గదా!

దూలము మార్చు వడ్రంగి ముందుగా ఊతకఱ్ఱ నిలుపును. క్రొత్త సాఫ్టువేరు తెచ్చువారు కొన్నాళ్లు పాతదానిని ప్రక్కనే నడుపవలెను. పాత లెక్కలను పుస్తకములతో సరిచూడవలెను. కాంట్రాక్టరు వెడలిపోయిననాడు తాళపుచెవి శాఖవారి చేతనే యుండవలెను. 1983కు పూర్వపు ఈసీ కావలసినవానికి నేటికిని ఆ పాత పుస్తకములే దిక్కు. వానిని చెదల పాలు చేయవలదని మా మనవి.