కట్టలను, నక్షబాటలను నడిచేవాళ్లకు మిగల్చండి

సంపాదకులకు,

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చెరువు కట్టలను సుందరంగా తీర్చిదిద్దుతున్న పనుల గురించి మీ పత్రికలో తరచు చదువుతున్నాను. కేంద్రం 2015లో ప్రారంభించిన ‘హృదయ్’ పథకం కింద భద్రకాళి చెరువు కట్ట బాగుపడింది, పొద్దునా సాయంత్రం ఎంతోమంది అక్కడికి వస్తున్నారు. సంతోషమే. కానీ ఒకటి రెండు కట్టలకు టైల్స్ పరిచి, లైట్లు పెట్టి, నడకకు చోటు చూపించాం అనుకుంటే చాలదు. మన ప్రాంతంలో ఉన్న పాత నడక దారులన్నిటినీ గుర్తించి, మట్టిదారులుగానే కాపాడాలని నా మనవి.

కాకతీయులు మనకు గుళ్లను, తోరణాలను మాత్రమే వదిలిపోలేదు. గణపతిదేవుడి కాలం నాటి పాఖాల, రామప్ప చెరువుల నుంచి ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువుల దాకా ప్రతిదానికీ ఒక కట్ట ఉంది. ఓరుగల్లు రాతికోట చుట్టూ అగడ్త, దాని ఆవల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట ఉన్నాయి. వీటికి తోడు గ్రామ నక్షాల్లో గీసి ఉన్న బండ్లబాటలు, కాలిబాటలు. కొత్తగా కొనాల్సిన భూమి లేదు, ఉన్నది పోకుండా చూసుకోవాలి.

ఈ దారుల్లో తీరిగ్గా నడిచేవాళ్లకు ఏడాది పొడవునా చూడదగ్గది ఏదో ఒకటి ఉంటుంది. తొలకరికి తడి నేల మీద ఆరుద్ర పురుగులు. చెరువు నిండి మత్తడి దూకితే నీటికి ఎదురెక్కే చేపలు, వాటి కోసం వలలతో నిలబడ్డ జనం. భాద్రపదం వెళ్తుంటే గట్ల మీద బతుకమ్మకు సిద్ధమైన గునుగు, తంగేడు. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు. మోకు నడుముకు బిగించి తాడెక్కే గీత కార్మికుడు. ఫాల్గుణంలో మోదుగ. బండి మీద వెళ్లేవాడి కంట ఇవేవీ పడవు.

నడక వల్ల చెరువుకూ మేలుంది. వెనుక నీరటికాడు రోజూ కట్ట మీద తిరిగి తూము, మత్తడి చూసుకునేవాడు. ఆ కొలువు దాదాపు పోయింది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో మన నగరంలోకి వరద వచ్చింది, 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. వానను ఎవరూ ఆపలేరు. కానీ కట్టలో బొరియలు, తూము దగ్గర ఊట, మత్తడి కాలువలో పోసిన మొరం, శిఖం భూమిలో లేచిన గోడ ముందే తెలియాలంటే రోజూ ఎవరో ఒకరు అటు నడుస్తూ ఉండాలి.

నడిచేవాళ్లు పొలాలు తొక్కుతారని రైతులు భయపడతారని కొందరు అంటారు. నిజానికి నక్షబాట కబ్జా అయితే మొదట నష్టపోయేది రైతే, అతని ట్రాక్టర్ చేనుకు చేరదు. ఇంగ్లండ్‌లో 1949లో చట్టం చేసి స్థానిక సంస్థల చేత కాలిబాటలను సర్వే చేయించి పటాల్లో ఎక్కించారు. పటాల్లోకెక్కిన ఆ బాటల మీద పొలాల మధ్య నుంచి ఎవరైనా హక్కుగా నడుస్తారు. మనకు నక్షాలు ముందే ఉన్నాయి. అమలే కావాలి.

అధికారులను కోరేది ఇంతే. ఊరివారీగా కట్టలు, నక్షబాటల జాబితా తయారుచేసి పంచాయతీ గోడ మీద పెట్టండి. ప్రతి బాటకు రెండు కొసల హద్దురాళ్లు పాతండి. కట్ట మొత్తం సిమెంటు చేయకుండా నడవడానికి మట్టిదారి వదలండి. తూము, మత్తడి దాకా మనిషి వెళ్లే వీలుంచండి.

పాఠకులకూ ఒక మాట. ఈ ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని మీ ఊరి చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. దారి ఎక్కడ తెగిందో, మత్తడి ఎక్కడ పూడిందో రాసుకుని పంచాయతీలోనో, కార్పొరేషన్‌లోనో అర్జీ ఇవ్వండి. అడిగేవాళ్లుంటేనే ఈ దారులు మిగులుతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ